దోషమెక్కడ? తంతితీగ నుండి సెల్ ఫోను దాక

ఒక యంత్రము చక్కగా పనిచేయుచున్నంత కాలము దాని లోపల ఏమి జరుగుచున్నదో మనలో చాలమంది విచారింపము. అది నిలిచిపోయిన నాడు మాత్రము అందరమును దాని చుట్టు చేరుదుము. ఒకరు తట్టి చూతురు, ఒకరు ఊది చూతురు, మరియొకరు అంగడికి పంపుమందురు. ఎట్లో ఒకట్లు అది మరల పనిచేసినచో సంతోషింతుము గాని, ఏల నిలిచినది, ఏల నడచినది అని అడుగుట మరచిపోదుము. ఆ ప్రశ్న అడుగుట నేర్చినవారి వలననే నేటి వార్తాసాధనములన్నియు నిలిచి యున్నవి.

నెల్లూరు తీరమున మైపాడు గాని, తుమ్మలపెంట గాని, జువ్వలదిన్నె గాని పోయి చూడుడు. సముద్రముపై వేటకు పోవు ప్రతి పడవలోను నేడొక సెల్ ఫోను ఉన్నది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూతి బిగించి, దానిని పడవవారు ప్రాణముతో సమానముగా దాచుకొందురు. అది పలుకనప్పుడు వారనునది ఒక్కటే మాట: "ఫోను చెడిపోయింది." ఈ ఒక్క మాటలో నాలుగైదు వేరువేరు సంగతులు ఇమిడి యున్నవి. టవరు అందకపోవచ్చును. బ్యాటరీ తరిగిపోయి యుండవచ్చును. ఉప్పునీరు లోపలికి దిగి యుండవచ్చును. లోపలి కార్యక్రమము చిక్కుపడి యుండవచ్చును. లేదా ఫోనులో ఏ దోషమును లేక, తీరమునందలి టవరే ఆగిపోయి యుండవచ్చును. వీనిలో ఏది జరిగినదో తెలియక చేసిన చికిత్స, రోగమెరుగని వైద్యము వంటిది.

దోషము ఎక్కడ నున్నదో వెదకి పట్టు విద్య సెల్ ఫోనుతో పుట్టలేదు. దానికి నూట డెబ్బది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రను మొదటి నుండి చూచినచో, మన చేతిలోని ఫోనును పరీక్షించు పద్ధతి దానంతటదే తేటపడును.

తంతితీగ నేర్పిన పాఠము

1839లో కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రము బోధించుచుండిన డాక్టర్ విలియం ఓషానెస్సీ, ఆ నగరమునకు దాపున ఇనుపతీగలు కట్టి, వాని గుండ విద్యుత్తుతో సంకేతములు పంపి చూచెను. పండ్రెండేండ్ల తరువాత, 1851లో, కలకత్తా నుండి డైమండ్ హార్బరుకు తంతి మార్గము ఏర్పడినది. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరములను తంతితీగలు కలిపినవి.

తీగ వేయుట ఒక యెత్తు, దానిని నిలుపుకొనుట మరియొక యెత్తు. గాలివానకు స్తంభములు కూలును. చెట్టుకొమ్మ తగిలి విద్యుత్తు భూమిలోనికి దిగిపోవును. తీరప్రాంతములలో ఉప్పుగాలి వలన తీగలకు త్రుప్పు పట్టును. వంద కిలోమీటర్ల తీగలో దోషము ఏ స్తంభము దగ్గర నున్నదో తెలిసికొనుట ఎట్లు? మొదటి దినములలో మనుష్యులు తీగ వెంట నడచి కంటితో చూచుచు పోవలసి వచ్చెను. ఈ ప్రయాస నుండి వారిని తప్పించినది ఒక చిన్న లెక్క.

తీగ పొడవు పెరిగినకొలది దాని నిరోధము పెరుగును. నిరోధమును ఖచ్చితముగా కొలుచు సాధనమును 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ కనుగొనగా, 1843లో చార్లెస్ వీట్‌స్టన్ దానిని వ్యాప్తిలోనికి తెచ్చెను. నేటికిని ఉన్నత పాఠశాలల, కళాశాలల ప్రయోగశాలలలో విద్యార్థులు చేయు వీట్‌స్టన్ బ్రిడ్జి ప్రయోగమిదే.

ఒక ఉదాహరణము తీసికొందము. మద్రాసు నుండి నెల్లూరునకు రైలుమార్గము వెంట సుమారు 176 కిలోమీటర్లు. ఆ దారిని పోవు తీగకు కిలోమీటరుకు 5 ఓముల నిరోధమున్నదని అనుకొందము. తీగ ఒకచోట తెగి నేలపై పడి భూమికి అంటుకొన్నది. మద్రాసులో కొలువగా 400 ఓములు వచ్చినది. 400ను 5తో భాగింపగా 80 కిలోమీటర్లు. అనగా దోషము సూళ్ళూరుపేటకు దాపున నున్నది. అంతటితో ఆగరాదు. నెల్లూరు నుండియు కొలువవలెను. అక్కడ 480 ఓములు వచ్చినచో, 96 కిలోమీటర్లు. 80, 96 కలిపిన 176. రెండు కొనల లెక్కలును ఒకదానినొకటి బలపరచినవి. ఇప్పుడు మనిషిని నేరుగా ఆ చోటికే పంపవచ్చును. రెండు లెక్కలు కలియకున్నచో, తీగ భూమికి సరిగా అంటలేదనియో, దోషములు రెండున్నవనియో శంకింపవలెను.

ఈ లెక్కలో మూడు సూత్రములు దాగి యున్నవి. దోషము వస్తువంతటను ఉండదు, ఒకచోటనే ఉండును. దానిని ఊహించుట కాదు, కొలిచి తెలిసికొనవలెను. ఒక కొన నుండి వచ్చిన జవాబును రెండవ కొన నుండి సరిచూచుకొనవలెను.

ఈ సూత్రములను లక్ష్యపెట్టనివారు ఎంత మూల్యము చెల్లించిరో అట్లాంటిక్ సముద్రపు తంతి చరిత్ర చెప్పును. 1858 ఆగస్టులో ఐర్లండునకును ఉత్తర అమెరికాకును మధ్య సముద్రగర్భమున మొదటి తంతి వేయబడినది. సంకేతములు మిక్కిలి బలహీనముగా వచ్చుచుండెను. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశము చేరుటకు 16 గంటలు పట్టినది. సంకేతములు బలహీనమగుటకు కారణమేమని పరీక్షింపక, వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను అధికారి సుమారు 2000 వోల్టుల ఒత్తిడిని తీగపై ప్రయోగించెను. అసలే లోపభూయిష్టమైన తీగ దానిని తాళలేక, నెల తిరుగక మునుపే పూర్తిగా మూగబోయినది. అదే సమయమున విలియం థామ్సన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, బలము పెంచుట కాదు, అల్పమైన ప్రవాహమును గుర్తింపగల సున్నితమైన సాధనము కావలెనని చెప్పి, అద్దపు గాల్వనామీటరును నిర్మించి యుండెను. 1866లో నిలకడగా పనిచేసిన తంతి ఆయన మార్గముననే నడచినది. తరువాతి కాలమున కెల్విన్ ప్రభువని పేరొందినవాడాయనే. చార్జి ఎక్కని ఫోనునకు మరింత శక్తిగల చార్జరు తగిలించి చూచువారు వైట్‌హౌస్ కథను తలచుకొనుట మంచిది.

తీగ పోయి గొలుసు వచ్చినది

1876లో గ్రాహంబెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్చేంజిలు ఏర్పడినవి. ఈ టెలిఫోనులో నొక విశేషమున్నది. అది మాటలాడుటకు కావలసిన విద్యుత్తు మన యింటిది కాదు. ఎక్స్చేంజిలోని బ్యాటరీల నుండి, సాధారణముగా 48 వోల్టుల ఒత్తిడితో, అదే తీగపై వచ్చును. అందువలన ఊరిలో దీపములు ఆరినను టెలిఫోను పలుకుచుండెడిది. చెవికి ఆనించినంతనే వినవచ్చు గుయ్యను నాదము, 'తీగ బాగున్నది' అని తెలుపు పరీక్షాఫలము.

సెల్ ఫోనులో ఈ తీగ లేదు. తేలిక వచ్చినది, పరీక్ష కష్టమైనది. ఒక పెద్ద ప్రదేశమును చిన్న చిన్న గదులుగా విభజించి, గదికొక స్తంభము నిలిపి, అవే తరంగములను దూరపు గదులలో మరల మరల వాడుకొనవచ్చునను భావమును 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజనీర్లు వెలిబుచ్చిరి. ఆ గదికే 'సెల్' అని పేరు. 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో నిలిచి మార్టిన్ కూపర్ చేతి ఫోనుతో మాటలాడెను. 1991లో ఫిన్లండులో జి.ఎస్.ఎం. పద్ధతి మొదలైనది. 1995 జులై 31న కలకత్తా నుండి పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటలాడుటతో మన దేశమున సెల్ ఫోను ప్రవేశించినది. 2002 అక్టోబరులో ప్రభుత్వ సంస్థయైన బి.ఎస్.ఎన్.ఎల్. కూడ ఈ సేవ ప్రారంభించినది. 2013 జులై 14న తంతి వార్తలు పుచ్చుకొనుట మన దేశమున నిలిచిపోయినది. ఓషానెస్సీ మొదలిడిన కథ అట్లు ముగిసినది గాని, ఆయన నాటివారి పరీక్షావిధానము ముగియలేదు.

నేడు మన మాట అవతలివానిని చేరుటకు ఒక గొలుసు కావలెను. బ్యాటరీ, ఫోనులోని కార్యక్రమము, సిమ్ము, ఏరియలు, టవరు, టవరునకు విద్యుత్తు, టవరు నుండి ఎక్స్చేంజికి మార్గము. ఇందులో ఏ లంకె తెగినను మనకు కనబడు ఫలమొక్కటే: ఫోను పలుకదు. కనుక గొలుసును సగమునకు విడదీసి, ఏ సగము బాగున్నదో ముందు తెలిసికొనవలెను. బాగున్న సగమును విడిచి, రెండవదానిని మరల సగము చేయవలెను. ఇట్లు చేసినచో 16 లంకెలలో దోషమున్నదానిని నాలుగు పరీక్షలలో పట్టవచ్చును. 1024 లంకెలున్నను పది పరీక్షలు చాలును.

సముద్రముపై సంకేతమేల అందదు?

తీరము విడిచిన పడవలో ఫోను మూగబోవుట అన్నిటికన్న సామాన్యమైన ఫిర్యాదు. ఇచట దోషము ఫోనుది కాదు, భూమిది. భూమి గుండ్రనిది గనుక కంటిచూపునకు ఒక అంచు కలదు. నీటిమట్టము నుండి ఎత్తు మీటర్లలో తెలిసినచో, దాని వర్గమూలమును 3.57తో గుణింపగా, చూపు పోవు దూరము కిలోమీటర్లలో వచ్చును. 40 మీటర్ల టవరు నుండి అది సుమారు 22 కిలోమీటర్లు. పడవలో 4 మీటర్ల ఎత్తున ఫోను పట్టుకొన్నవానికి సుమారు 7 కిలోమీటర్లు. రెండును కలిపిన 29 లేక 30 కిలోమీటర్లు. రేడియో తరంగములు వాతావరణములో కొంచెము వంగును గనుక మరికొంత దూరము పోవచ్చును. అయినను ఫోను శక్తి స్వల్పము, టవరుల ఏరియలులు ఊళ్ళ వైపునకు త్రిప్పబడి యుండును గనుక, చాలచోట్ల అంతకన్న ముందే సంకేతము తరిగిపోవును.

రెండవ తరపు జి.ఎస్.ఎం. పద్ధతిలో ఇంకొక హద్దు కలదు. అందులో పలు ఫోనులు ఒకే తరంగమును వంతులవారీగా వాడుకొనును. దూరముగా నున్న ఫోను తన వంతునకు కొంచెము ముందుగానే పలుకవలెను. లేకున్న దాని మాట ఇతరుని వంతులోనికి జొరబడును. ఈ 'ముందు'ను 63 మెట్లకు మించి పెంచుటకు వీలులేదు. ఒక్కొక్క మెట్టు 3.69 మైక్రోసెకనులు. 63 మెట్లు కలిపి సుమారు 233 మైక్రోసెకనులు. ఆ వ్యవధిలో వెలుతురు దాదాపు 70 కిలోమీటర్లు నడచును. పోవుటకును వచ్చుటకును చెరిసగము గనుక, ఒక వైపు 35 కిలోమీటర్లు. టవరు ఎంత బలమైనదైనను సామాన్యముగా ఈ పద్ధతిలో 35 కిలోమీటర్లు దాటిన ఫోనుతో మాటలాడలేదు.

ఈ సంగతి తెలియనివారు నడిసముద్రమున ఫోనును పదేపదే ఆపి, వెలిగించి, బ్యాటరీ హరింపజేసికొందురు. టవరు దూరమైనకొలది ఫోను బిగ్గరగా అరచును. 900 మెగాహెర్ట్జ్ జి.ఎస్.ఎం. ఫోను 2 వాట్ల దాక శక్తి వెలువరింపగలదు. టవరు కనబడనప్పుడు వెదకుచునే యుండును. కనుక సంకేతము లేనిచోట ఫోనును విమానపు గుర్తుగల స్థితిలో నుంచుట ఉత్తమము. ఆ స్థితిలోను చాల ఫోనులలో ఉపగ్రహముల సాయమున తానున్న చోటు తెలుపు భాగము పనిచేయును. ఏలయన అది వినునదే గాని పలుకునది కాదు. మన దేశపు నావిక్ ఉపగ్రహశ్రేణిలో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుండియే పైకి పోయినది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, నేడు తిరుపతి జిల్లాలో చేరిన ఆ దీవి మన తీరమునందలిదే.

టవరుల హద్దు దాటినవారికి హెచ్చరికలు చేర్చుటకై 2019 అక్టోబరులో జెమిని అను చిన్న పరికరమును కేంద్రప్రభుత్వము ప్రవేశపెట్టినది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తయారుచేయు తుఫాను, అలల హెచ్చరికలను, చేపలు దొరకు చోట్ల వివరములను ఇది ఉపగ్రహము నుండి అందుకొని, పడవలోని ఫోనునకు అందించును. ఇది ఒకవైపు మార్గమే. దీని ద్వారా వార్త అందుకొనవచ్చును గాని పంపరాదు.

ఉప్పునీరు చేయు అపకారము

సముద్రపు నీటిలో కిలోగ్రామునకు సుమారు 35 గ్రాముల లవణములు కరగి యున్నవి. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును అంతగా పోనీయదు, ఉప్పునీరు చక్కగా పోనిచ్చును. ఫోను బ్యాటరీ ఒత్తిడి సుమారు 3.7 వోల్టులు. నీటిని విడగొట్టుటకు సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలును. కనుక వెలిగియున్న ఫోనులోనికి ఉప్పునీరు దిగినచో, అక్కడ చిన్న విద్యుద్విశ్లేషణము మొదలగును. ధనధ్రువమున నున్న రాగి కరగి, పచ్చని చిలుముగా మారును. సన్నని రాగి దారులు కొన్ని గంటలలో తెగిపోవచ్చును. ఫోనును చెరచునది నీరొక్కటే కాదు. నీరు, ఉప్పు, విద్యుత్తు, ఈ మూడును కూడి చెరచును. మూడింటిలో మనము వెంటనే తీసివేయగలది విద్యుత్తు.

కనుక నీట పడిన ఫోనును తీసినవెంటనే ఆపివేయవలెను. పనిచేయుచున్నదా అని వెలిగించి చూడరాదు. చార్జరు తగిలింపరాదు. సిమ్ము పలకను వెలికి తీసి, బయటి ఉప్పును మంచినీట తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, గాలి ఆడుచోట నుంచవలెను. ఎండలో పెట్టరాదు, పొయ్యి దగ్గర నుంచరాదు. బియ్యములో పూడ్చుట వలన గాలిలో నుంచుట కన్న విశేషలాభము లేదు. పైగా నూకయు, పిండియు రంధ్రములలో చేరును. బియ్యము నీటినే తీసివేసినదనుకొన్నను ఉప్పు లోపలనే మిగులును. సముద్రములో పడిన ఫోను ఎండిన తరువాత పనిచేసినను, దానిని ఒకసారి విప్పి శుభ్రము చేయించుట మేలు. పెక్కు ఫోనులలో సిమ్ము పలక గూటిలో తెల్లని చిన్న గుర్తు ఉండును. నీరు తగిలినచో అది ఎర్రబారును. బాగుచేయువాడు ముందుగా చూచునది దానినే.

దీనిని తరగతిలో చూపుట సులభము. గాజుగ్లాసులో ఉప్పునీరు పోసి, రెండు టార్చిసెల్లులను వరుసగా కలిపి, వాని కొనల నుండి రెండు రాగితీగలను నీటిలో ముంచి, ఒకదానినొకటి తాకకుండ నుంచవలెను. ఋణధ్రువపు తీగ దగ్గర బుడగలు లేచును. కొంత సేపటికి ధనధ్రువపు తీగ అరిగి, నీటిలో రంగుగల మడ్డి చేరును. ఉపాధ్యాయుని సమక్షమున, కిటికీలు తెరచి చేయవలెను. ఫోనునకు ఏమి జరుగునో విద్యార్థులకు వేరుగ చెప్పనక్కర ఉండదు.

చార్జి ఎక్కకున్న

ఇక్కడ గొలుసు పొట్టిది. గోడలోని సాకెట్టు, చార్జరు, తీగ, ఫోను రంధ్రము, బ్యాటరీ. మొదట అదే చార్జరును, అదే తీగను మరియొక ఫోనునకు తగిలించి చూడుడు. అది చార్జి ఎక్కినచో మొదటి మూడు లంకెలును నిర్దోషములు. దోషము మన ఫోనులోనే యున్నది. అది ఎక్కకున్నచో ఫోనును నిందింప పనిలేదు. తీగను మార్చి చూడుడు, తరువాత చార్జరును, తరువాత సాకెట్టును. ఒక్కొక్కసారి ఒక్కదానినే మార్చవలెను. రెంటిని ఒకేసారి మార్చినవానికి ఫోను పనిచేసినను పాఠము దక్కదు. తీరవాసుల ఫోనులలో రంధ్రమున ఇసుక, దూది, చిలుము చేరుట సర్వసామాన్యము. ఫోను ఆపి, పొడియైన మెత్తని కుంచెతో తుడువవలెను. సూది వంటి లోహపు వస్తువు వాడరాదు.

బ్యాటరీ విషయమున కొంచెము చరిత్ర తెలియవలెను. 1970 దశకమున స్టాన్లీ విట్టింగ్‌హాం మొదలిడిన పరిశోధనను 1980లో జాన్ గుడెనఫ్ మెరుగుపరచగా, 1985లో జపానునకు చెందిన అకిరా యోషినో క్షేమకరమైన లిథియం అయాన్ బ్యాటరీని రూపొందించెను. 1991లో అది అంగళ్ళలోనికి వచ్చినది. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఈ బ్యాటరీలో లిథియం అయానులు ఒక పలక నుండి రెండవ పలకకు పోయి వచ్చుచుండును. ప్రతి రాకపోకలోను కొన్ని అయానులు చిక్కుకొని పోవును. కనుక రెండు మూడేండ్లు గడచిన బ్యాటరీ త్వరగా తరుగుట దోషము కాదు, వార్ధక్యము. వేడి ఆ వార్ధక్యమును త్వరపెట్టును. నెల్లూరులో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుట అరుదు కాదు. ఆ యెండలో పడవ బల్లపై విడిచిన ఫోను చార్జి ఎక్కుట మానివేసినచో, అది చెడిపోయినదని కాదు, తన్ను తాను కాపాడుకొనుచున్నదని తెలియవలెను. నీడకు చేర్చి చల్లారనిచ్చిన చాలును. బ్యాటరీ ఉబ్బి ఫోను వీపు లేచినచో మాత్రము ఇంటివైద్యము కూడదు. గ్రుచ్చరాదు, నొక్కరాదు, చార్జి పెట్టరాదు. బాగుచేయువానికి అప్పగింపవలెను.

చిక్కుపడిన కార్యక్రమము

1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ 2 అను గణనయంత్రము తప్పుగా పనిచేయగా, పరీక్షించినవారికి ఒక రిలేలో చిక్కుకొన్న చిమ్మట దొరకినది. వారు దానిని దినచర్య పుస్తకములో అంటించి, నిజమైన పురుగు దొరకుట ఇదే మొదటిసారి అని హాస్యముగా వ్రాసిరి. ఏలయన యంత్రదోషమును 'పురుగు' అనుట అంతకు చాలకాలము ముందే ఇంజనీర్ల వాడుకలో నుండెను. వారు చేసిన పనిలో గొప్పది హాస్యము కాదు, వ్రాసి యుంచుట. దినము, గంట, ఏమి జరిగినది, ఏమి చేసితిమి అని వ్రాసినవారికే రెండవసారి అదే దోషము తేలిక యగును.

ఫోను కదలక నిలిచినప్పుడు ఒకసారి ఆపి వెలిగింపుమని అందరు చెప్పుదురు. ఇది మంత్రము కాదు. ఫోను పనిచేయుచున్నప్పుడు తాత్కాలిక జ్ఞాపకములో వేలకొలది విషయములు పేరుకొనును. వానిలో ఒకటి తప్పినచో పని నిలిచిపోవును. ఆపివేసినప్పుడు ఆ జ్ఞాపకము తుడిచిపెట్టుకొని పోయి, ఫోను తెలిసిన మంచిస్థితి నుండి మరల మొదలిడును. మనము దాచిన చిత్రములు, పేర్లు వేరొక శాశ్వత జ్ఞాపకములో నుండును గనుక పోవు. మాటిమాటికి అదే జరిగినచో, 'ఈ దోషమునకు ముందు నేను క్రొత్తగా చేసినదేమి?' అని అడుగవలెను. క్రొత్త కార్యక్రమము చేర్చితినా? స్థలము నిండినదా? జవాబు చాలసార్లు అక్కడనే యుండును. ఫోనును పుట్టిననాటి స్థితికి తెచ్చు ఉపాయము సర్వమును చెరిపివేయును. అది తుది ఉపాయమే గాని మొదటిది కాదు.

తుఫాను రాత్రి

ఈ విద్య ఎంత అవసరమో మన తీరమునకు తెలిసినట్లు మరెవ్వరికి తెలియును? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో, ప్రభుత్వపు లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది మరణించిరి. 1989 నవంబరులో ప్రచండమైన తుఫాను కావలి దగ్గర తీరము దాటినది. 2004 డిసెంబరు 26న సునామీ ఏ హెచ్చరికయు లేక వచ్చినది. ఆ తరువాతనే, 2007లో, హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. 2023లో కేంద్ర ప్రభుత్వము ఒక ప్రాంతపు ఫోనులన్నిటికి ఒకేసారి పెద్ద శబ్దముతో హెచ్చరిక పంపు పద్ధతిని పరీక్షించినది. ఫోను నేడు ఆ హెచ్చరిక చేరు వాకిలి. వాకిలి మూతపడినదో, బయట దారియే తెగినదో తెలియకున్నచో ప్రమాదము.

టవరు కూడ విద్యుత్తుపై ఆధారపడినదే. విద్యుత్తు పోయిన తరువాత టవరు తన బ్యాటరీలతోను, డీజిలు యంత్రముతోను కొంతకాలము నడచును. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలుకట్ట కొట్టుకొనిపోయి, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగినది. అటువంటి వేళ టవరునకు డీజిలు చేర్చుట ఎట్లు? తంతితీగ వెంట నడచిన మనిషి కష్టమే మరల వచ్చును.

కనుక తుఫాను వేళ ఫోనులో సంకేతము పోయినచో, మొదటి పరీక్ష ఇది: ప్రక్కవాని ఫోనును చూడుడు. వాడు వేరు సంస్థ సిమ్ము వాడుచున్న మరియు మంచిది. ఊరిలో అందరి ఫోనులు ఒకేసారి మూగబోయినచో దోషము మీ చేతిలో లేదు. సిమ్ము తీసి పెట్టుట, అమరికలు మార్చుట, అన్నియు చెరిపివేయుట వ్యర్థము. ఉన్న బ్యాటరీ హరించుటే ఫలము. విమానపు గుర్తు నొక్కి, గంటకొకసారి మాత్రము తెరచి చూడుడు. వార్తలకు బ్యాటరీతో నడచు రేడియోను నమ్ముకొనుడు. అన్నిటికన్న ముఖ్యముగా, ఫోను మ్రోగలేదు గనుక ప్రమాదము లేదని తలపకుడు. మౌనము క్షేమవార్త కాదు. తీగ తెగిన దినమున తంతి కార్యాలయములోను మౌనమే యుండెడిది.

మద్రాసులో కూర్చుండి 80 కిలోమీటర్ల దూరమున తీగ తెగినచోటు చెప్పగలిగినవానికి దివ్యదృష్టి లేదు. వానికున్నది ఒక కొలత, ఒక భాగహారము, రెండవ కొన నుండి సరిచూచు ఓపిక. మన విద్యార్థి చేతిలోని ఫోను ఆనాటి తంతియంత్రము కన్న ఎన్నో రెట్లు జటిలమైనది. అయినను ఇల్లు కదలక, వంట గదిలోని సాకెట్టు, అన్న ఫోను, పొరుగింటివారి సిమ్ము, ఇంతమాత్రపు సామగ్రితో దానిని పరీక్షింపవచ్చును. ఉపాధ్యాయులు వీట్‌స్టన్ బ్రిడ్జి పాఠము చెప్పు దినమున ఈ సంగతి కూడ చెప్పినచో, ప్రయోగశాలలోని సన్నని తీగకును, వేటకు పోయిన తండ్రి పడవలోని ఫోనునకును గల చుట్టరికమును తీరపు గ్రామముల పిల్లలు తామే గుర్తింతురు.